అర్హత అడగని పాట

(కావలిలో ఒక పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగం, రికార్డు విని రాసిపెట్టింది)

అందరికీ నమస్కారం.

ఈ సమావేశాల్లో తిక్కన మీద మాట్లాడారు, కథల మీద మాట్లాడారు, పోయిన నెల సోమశిల నీళ్ళ మీద మాట్లాడారు. ఈ నెల నన్ను పిలిచి, "పాటల్లో, సినిమాల్లో నీకేవి ఇష్టమో అవి చెప్పన్నా" అన్నారు. నాకిష్టమైంది పంక్ రాక్, గిటార్ల మోతతో వేగంగా సాగే చిన్న చిన్న పాటల సంగీతం. ఇంటర్మీడియట్ చదివేప్పుడు పట్టుకుంది, ఇంతవరకూ వదల్లేదు. ప్రెస్సులో పనికి చేరినా, పెళ్ళయినా, పిల్లలు ఉద్యోగాలకి బెంగుళూరు పోయినా నేను వినేది అదే. మధ్యలో వేరేవీ చాలా విన్నాను, చూశాను, చదివాను. వాటిల్లో ఏది నచ్చింది, ఏది నచ్చలేదు అని తేల్చింది మాత్రం పంక్ నేర్పిన కొలతే. ఆ కొలత ఏంటో, దాంతో చూస్తే మన జిల్లాలో నాకేమేం కనపడ్డాయో ఇవాళ చెప్తాను.

మా పెదనాయన కొడుకు మద్రాసులో పనిచేసేవాడు. ఒకసారి పండక్కి వస్తూ ఒక క్యాసెట్టు తెచ్చిచ్చాడు, ఎవరిదో రికార్డు నుంచి ఎక్కించింది. అరవై నిమిషాల క్యాసెట్టు, అంటే ఒక్కో పక్కకి ముప్పై. మొదటి పక్క రామోన్స్ అనే న్యూయార్క్ బ్యాండ్ తొలి ఆల్బం. 1976లో వచ్చింది. 14 పాటలు, మొత్తం కలిపి 29 నిమిషాలు. ఆ పక్కకి సరిగ్గా సరిపోయింది. రెండో పక్క లండన్ బ్యాండ్ క్లాష్ తొలి ఆల్బం. అది 35 నిమిషాలు. చివరి రెండు పాటలు పట్టలేదు. ఆఖరి పాట 'గరాజ్‌ల్యాండ్' నేను విన్నది చాలా ఏళ్ళ తర్వాత. ఈ బ్యాండుని వాళ్ళ షెడ్డుకే తిప్పి పంపించెయ్యాలని ఒక విమర్శకుడు పత్రికలో రాస్తే, దానికి వాళ్ళిచ్చిన జవాబు ఆ పాట అని కూడా అప్పుడే తెలిసింది. షెడ్డులోంచి వచ్చినందుకు సిగ్గుపడని జవాబు. చిన్నప్పుడు నాకు దక్కకుండా పోయిన పాటే ఇప్పుడు అన్నిటికన్నా జాస్తి ఇష్టం.

రామోన్స్ సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. న్యూయార్క్‌లో క్వీన్స్ అనే ప్రాంతం, అందులో ఫారెస్ట్ హిల్స్. 1974లో అక్కడి కుర్రాళ్ళు నలుగురు బ్యాండు కట్టారు. ఒకరికొకరు చుట్టాలు కారు. అయినా నలుగురూ ఇంటిపేరు రామోన్ అని పెట్టుకున్నారు. జోయీ రామోన్, జానీ రామోన్, డీడీ రామోన్, టామీ రామోన్. ఆ కాలానికి రాక్ సంగీతం ఎట్టా ఉండేదంటే, ఒక్క పాట ఇరవై నిమిషాలు, అందులో పావుగంట గిటారాయన వేళ్ళ విద్య. ఆల్బం చెయ్యడానికి నెలల తరబడి స్టూడియో, లక్షల డాలర్లు. రామోన్స్ తమ తొలి ఆల్బాన్ని దాదాపు వారంలో, ఆరువేల నాలుగువందల డాలర్లకి అటూ ఇటూ ఖర్చుతో ముగించేశారు. పాట మొదలయ్యే ముందు "వన్ టూ త్రీ ఫోర్" అని అరుపు. రెండు నిమిషాల్లో పాట అయిపోతుంది. ఊపిరి తీసుకునేలోపు మళ్ళీ "వన్ టూ త్రీ ఫోర్".

జానీ గిటారు వాయించే తీరు చూడండి. మామూలుగా గిటారు వాయించేవాళ్ళు చెయ్యి కిందికీ పైకీ ఆడిస్తారు, అప్పుడు సగం శ్రమ తగ్గుతుంది. జానీ కిందికే కొట్టాడు. ప్రతి దెబ్బా కిందికే. మీరు ఇప్పుడు కూర్చున్నచోటే చెయ్యి గాల్లో పెట్టి, ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా కిందికి మాత్రమే కొట్టి చూడండి. నిమిషానికల్లా మణికట్టు లాగేస్తుంది. ఆయన గంటసేపు, ఎక్కడా వేగం తగ్గకుండా కొట్టేవాడు. పైకి వచ్చే దెబ్బకి మెత్తదనం ఉంటుంది; కిందికి పడే దెబ్బకి బరువు ఉంటుంది. అన్నీ కింది దెబ్బలే అయితే పాట మొత్తం ఒకే మోతగా మీద పడుతుంది. దీన్ని వాయించడం రానివాళ్ళ పని అన్నవాళ్ళు చాలామంది. అది చాలా కష్టమైన పని, పేరు రాని పని.

ఆ మోత విన్నప్పుడు నాకు పీర్ల పండగ పలకలు గుర్తొచ్చాయి. మా వీధి చివర గుండం తవ్వేవాళ్ళు. పలకలు కొట్టేవాళ్ళు ముందుగా గడ్డి మంటేసి పలకల్ని కాచేవాళ్ళు. తోలు బిగిసిందా లేదా అని వేలితో ఒకసారి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, చాలకపోతే మళ్ళీ మంట దగ్గర తిప్పేవాళ్ళు. కుడిచేతిలో సిర్ర, ఎడంచేతిలో సన్నటి పుల్ల. మొదలుపెట్టాక పొట్టలో అదురుతుంది. వాళ్ళ కులం పేరు చెప్పి ఆ వాయిద్యాన్ని తక్కువ చేసిన ఊళ్ళో పెరిగాను నేను. పెళ్ళికి సన్నాయి వాయించేవాళ్ళని పీట మీద కూర్చోబెట్టేవాళ్ళు, పలకలవాళ్ళని వీధిలోనే నిలబెట్టేవాళ్ళు. ఆ మోత సంగీతమనీ, దాన్ని చెవులొగ్గి వినాలనీ నాకు మొదట చెప్పింది క్వీన్స్ కుర్రాళ్ళు. మన ఊరి పెద్దవాళ్ళు చెప్పాల్సింది.

సరే, కొలత గురించి అన్నాను కదా. 1977 జనవరిలో ఇంగ్లండులో 'సైడ్‌బర్న్స్' అనే చేతి పత్రికలో ఒక బొమ్మ వచ్చింది. గిటారు మీద వేళ్ళు ఎక్కడ పెట్టాలో చూపించే మూడు గీతల బొమ్మలు. కార్డ్ అంటే కలిపి మోగించే స్వరాలు. ఇది ఒక కార్డ్, ఇది ఇంకోటి, ఇది మూడోది, ఇక బ్యాండు పెట్టుకో అని కింద రాత. అంతే. గురువు, సర్టిఫికెట్, అనుమతి, వీటి మాటే లేదు. నువ్వు దీనికి తగినవాడివేనా అని ఎవరన్నా అడిగేలోపే మొదలుపెట్టెయ్యమని చెప్పడం, నా వరకు పంక్ అంటే ఇదే. నేర్చుకోవద్దని కాదు. మొదలుపెట్టి నేర్చుకోమని.

ఇప్పుడొక తేదీ చెప్తాను. 1976 జూన్ 4. జూన్ 4 అనగానే మన జిల్లావాళ్ళకి గుర్తొచ్చేది ఒకటే, బాలు పుట్టినరోజు. కోనేటమ్మపేటలో పుట్టిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి ఆ రోజుతో ముప్పై ఏళ్ళు నిండాయి.

అదే రోజు సాయంత్రం మాంచెస్టర్‌లో లెస్సర్ ఫ్రీ ట్రేడ్ హాల్ అనే చిన్న హాల్లో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండు కచేరీ జరిగింది. లండన్ నుంచి వాళ్ళని రప్పించింది ఆ ఊరి కుర్రాళ్ళిద్దరు, హోవర్డ్ డెవోటో, పీట్ షెల్లీ. టిక్కెట్టు 50 పెన్నీలు. వచ్చింది నలభైమందో ఎంతో. ఇప్పుడీ గదిలో ఉన్నంతమంది అనుకోండి. అందులో పీటర్ హుక్ అనే కుర్రాడు మర్నాడే పోయి బేస్ గిటారు కొనుక్కున్నాడు. అతనూ, పక్కనే కూర్చున్న స్నేహితుడు బెర్నార్డ్ సమ్నరూ పెట్టిన బ్యాండే తర్వాత జాయ్ డివిజన్ అయింది. అక్కడే ఉన్న మార్క్ ఇ. స్మిత్ ఫాల్ అనే బ్యాండు పెట్టాడు. కొన్నేళ్ళకి స్మిత్స్ అనే బ్యాండులో పాడిన మొరిస్సీ కూడా ఆ హాల్లో ఉన్నాడు. షెల్లీ, డెవోటోల సొంత బ్యాండు బజ్‌కాక్స్ ఆ రోజుకి తయారు కాలేదు, జూలైలో అదే హాల్లో వాయించారు. సెక్స్ పిస్టల్స్ ఆ రోజు గొప్పగా వాయించారని ఎవరూ చెప్పరు. చూసినవాళ్ళకి వచ్చిన ఆలోచన, ఇది మనమూ చెయ్యొచ్చు కదా అని.

అదే జూన్ 4న లండన్‌లో, మన పంజాబీలు ఎక్కువగా ఉండే సౌతాల్‌లో, డొమినియన్ సినిమా హాలు దగ్గర గుర్‌దీప్ సింగ్ చగ్గర్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి తెల్ల కుర్రాళ్ళ గుంపు పొడిచి చంపింది. ఇంగ్లండు పంక్ పుట్టింది అట్టాంటి ఇంగ్లండులో. ఆ ఆగస్టులోనే ఎరిక్ క్లాప్టన్ అంతటి గిటారు విద్వాంసుడు బర్మింగ్‌హామ్ కచేరీలో తాగి, వలస వచ్చినవాళ్ళని వెళ్ళగొట్టాలని మాట్లాడాడు. దానికి జవాబుగా పుట్టిన ఉద్యమం పేరు రాక్ అగైనెస్ట్ రేసిజం. 1978 ఏప్రిల్ 30న ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి విక్టోరియా పార్కు దాకా వేలమంది నడిచారు. పార్కులో క్లాష్ వాయించింది, ఎక్స్-రే స్పెక్స్ వాయించింది, రెగే అనే జమైకా సంగీతం వాయించే నల్లజాతి బ్యాండు స్టీల్ పల్స్ వాయించింది. నా క్యాసెట్టు రెండో పక్కన క్లాష్ పాడిన 'పొలీస్ అండ్ థీవ్స్' కూడా జమైకా పాటే, జూనియర్ మర్విన్‌ది. తెల్ల కుర్రాళ్ళు తమ వీధిలో పక్కింట్లోంచి వినపడే సంగీతాన్ని గౌరవంగా తీసుకుని పాడారు. 1979లో లండన్‌లో ఏలియన్ కల్చర్ అని ఇంకో బ్యాండు వచ్చింది, అందులో ముగ్గురు పాకిస్తానీ కుటుంబాల పిల్లలు. వలసల మీద మార్గరెట్ థాచర్ టీవీలో అన్న మాటకి జవాబుగా ఆ పేరు పెట్టుకున్నారు. సంగీతంలో క్లాప్టన్ వేళ్ళు గొప్పవే. నేను ఆయన రికార్డు పెట్టుకోను.

బాలు దగ్గరికి వస్తాను. పంక్ వినేవాడివి, బాలు పాటంటే ఎందుకు ప్రాణం పెడతావు అని అడుగుతారు నన్ను. బాలు గొంతులోని తియ్యదనం పంక్‌లో లేదు, ఆ మాట నిజమే. కానీ ఆయన శాస్త్రీయ సంగీతం పద్ధతి ప్రకారం నేర్చుకున్న మనిషి కాదు. ఇంజనీరింగ్ చదవడానికి పోయి పాటలోకి వచ్చారు. శంకరాభరణం పాటలు తనవల్ల కాదేమోనని మొదట వెనకాడినట్టు ఆయనే చెప్పుకున్నారు. తర్వాత కూర్చుని, మెట్టు మెట్టు పట్టుకుని, పాడారు. దానికి జాతీయ పురస్కారం వచ్చింది. అర్హత ముందు, పాట తర్వాత అని కూర్చుని ఉంటే ఆ పాటలు మనకి ఉండేవి కావు. నా కొలతతో చూసినా బాలు నిలబడతారు. చాలా ఎత్తున నిలబడతారు.

ఇక నా పని గురించి. పంక్‌లో నన్ను పాటల తర్వాత అంతగా కట్టిపడేసింది కాగితం. నేను ప్రెస్సు మనిషిని. కేసు అనే అరల పెట్టె ముందు నిలబడి సీసం అచ్చులు ఏరడం దగ్గర మొదలుపెట్టాను. 1976 జూలైలో లండన్‌లో మార్క్ పెర్రీ అనే బ్యాంకు గుమాస్తా రామోన్స్ ఆల్బం విని, దాని మీద రాసే పత్రికలు నచ్చక, తనే పత్రిక పెట్టాడు. పేరు 'స్నిఫిన్ గ్లూ'. పిల్లలు ఆడుకునే టైప్‌రైటర్ మీద కొట్టాడు. శీర్షికలు స్కెచ్ పెన్నుతో రాశాడు. కొట్టివేతలు కొట్టివేతల్లాగే ఉంచాడు. జిరాక్స్ తీసిన మొదటి కాపీలు 50. ఏడాది తిరిగేసరికి వేలల్లో పోయేది. పన్నెండు సంచికలయ్యాక, బాగా నడుస్తున్నప్పుడే, తనే ఆపేశాడు.

ఆ పత్రికల ఫొటోలు చూసినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు, మా సైక్లోస్టైల్ మిషను గుర్తొచ్చింది. ఇక్కడున్న పెద్దవాళ్ళకి తెలుసు, చిన్నవాళ్ళ కోసం చెప్తాను. స్టెన్సిల్ కాగితానికి మైనం పూసి ఉంటుంది. టైపు మిషన్లో రిబ్బను పక్కకి తప్పించి కొట్టాలి, అప్పుడే అక్షరం మైనాన్ని చీల్చుకుని పోతుంది. బొమ్మ కావాలంటే ఇనప మొన ఉన్న కలంతో గీకాలి. చెయ్యి కాస్త గట్టిగా పడిందంటే సున్న లోపలి గుండ్రం ఊడొచ్చేది, కాపీల్లో సున్న బదులు నల్ల చుక్క. తప్పు పడితే ఎర్రటి ద్రవం పూసి, ఆరేదాకా ఊది, మళ్ళీ కొట్టాలి. గోళ్ళరంగు వాసన వచ్చేది. తర్వాత డ్రమ్ముకి చుట్టి, సిరా పట్టించి, పిడి తిప్పడమే. సంఘాల కరపత్రాలు, కుర్రకవుల పుస్తకాలు, సమ్మె నోటీసులు, అన్నీ అట్టా వచ్చినవే. అక్షరం వంకరగా ఉండేది. చదివేవాడికి మాత్రం వంకర లేకుండా చేరేది.

బజ్‌కాక్స్ వాళ్ళ మొదటి రికార్డు 1977 జనవరిలో వచ్చింది. ఇంటివాళ్ళ దగ్గర, స్నేహితుల దగ్గర 500 పౌండ్లు అప్పు చేసి సొంతంగా వేసుకున్నారు. మొదట 1000 కాపీలు. దాని అట్ట మీద ఒక్కో పాట ఎన్నోసారి పాడితే కుదిరిందో అచ్చేశారు. మరుసటి ఏడు స్క్రిట్టి పొలిట్టి అనే బ్యాండు ఇంకో అడుగు వేసింది: రికార్డింగుకి ఎంతైంది, ప్రెస్సింగుకి ఎంతైంది, లేబుళ్ళకి ఎంతైంది అని లెక్క మొత్తం అట్ట మీద పెట్టేసింది. పార్టీకి కొటేషన్ ఇచ్చి బతికిన మనిషిగా చెప్తున్నా, వ్యాపారంలో ఎవరూ బయటపెట్టని కాగితం అది. చూసినవాడు రేపు తనే వేసుకోవాలని పెట్టారు. వాషింగ్టన్‌లో డిస్కార్డ్ అనే కంపెనీ పెట్టిన కుర్రాళ్ళయితే, ఒక ఇంగ్లీషు రికార్డు కవరు అతుకులు విప్పి, పరిచి, ఆ కొలతలతో గీసుకుని, అచ్చు వేయించి, కత్తెరలతో కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి తమ మొదటి రికార్డు కవర్లు తయారు చేసుకున్నారు. ఆ పని నేను చేస్తాను రోజూ. మడత దగ్గర కాగితం నార ఎటు ఉందో చూడకపోతే పగులుతుంది. ఆ పిల్లలకి ఆ సంగతి ఎన్ని కవర్లు పాడయ్యాక తెలిసిందో అనుకుంటాను ఎప్పుడూ.

యాస గురించి ఒక్క మాట. పంక్‌కి ముందు ఇంగ్లండు గాయకులు చాలామంది పాటలో అమెరికా వాళ్ళలాగా పలికేవాళ్ళు. పంక్ వచ్చాక లండన్ వాడు లండన్ యాసలో, మాంచెస్టర్ వాడు మాంచెస్టర్ యాసలో పాడాడు. మన సినిమాల్లో నాకు ఎప్పటికీ నచ్చే నటుడు రమణారెడ్డి. జగదేవిపేట మనిషి. తెర మీద నెల్లూరు యాసని దాచుకోకుండా మాట్లాడి రాష్ట్రమంతటినీ నవ్వించాడు. మన కావలి రచయిత ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' చదివినప్పుడూ అదే సంతోషం. మనం ఇంట్లో మాట్లాడేది పుస్తకంలో ఉండొచ్చని చూపించాడు.

ఆడవాళ్ళ సంగతి. ఎక్స్-రే స్పెక్స్ పాటగత్తె పాలీ స్టైరీన్. తండ్రి సోమాలియా మనిషి, తల్లి తెల్లజాతి. 1976 జూలైలో, తన పుట్టినరోజున, హేస్టింగ్స్ రేవు మీద సెక్స్ పిస్టల్స్‌ని చూసింది. తర్వాత పత్రికలో ప్రకటన ఇచ్చి బ్యాండు కట్టింది. పళ్ళకి కట్టిన తీగలతోనే స్టేజీ ఎక్కింది. ప్లాస్టిక్ వస్తువుల మీద, సూపర్ మార్కెట్ల మీద పాటలు రాసింది. ఆ గొంతు చెవిలో గీకుతుంది, నిజమే, అది అట్టాగే ఉండాలి. ఆమె తర్వాత కృష్ణభక్తురాలు అయింది. 2011లో పోయింది. ఆమె గురించి చదివినప్పుడల్లా నాకు ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతి గుర్తొస్తారు. తన పాట తనే పాడుకున్నారు, కథలు రాశారు, సినిమాలు తీశారు. 1953లో 'చండీరాణి'కి తెలుగు, తమిళం, హిందీ మూడింట్లోనూ దర్శకత్వం చేశారు. పొగరు అన్నారు ఆవిడని. మగవాడికైతే ఆ మాట అనరు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. డిస్కార్డ్ కుర్రాళ్ళు అన్నాను కదా. వాళ్ళలో ఇయన్ మకాయ్ అని ఒకడు, తర్వాత మైనర్ థ్రెట్ అనే బ్యాండు పెట్టాడు. అమెరికాలో మందు అమ్మే క్లబ్బుల్లోకి మైనర్లని రానివ్వరు. పాటలు వినాలంటే అక్కడికే పోవాలి. ఈ పిల్లలు చేతుల మీద నల్లగా ఇంటూ గుర్తు వేసుకుని, మాకు మందు పొయ్యొద్దు, పాట విననివ్వండి అన్నారు. 1981లో మకాయ్ దాని మీద పాట రాశాడు, 46 సెకన్ల పాట. తాగను, మత్తు ముట్టను, నా బుర్ర నాకు కావాలి అనే పాట. అక్కణ్ణించి స్ట్రెయిట్ ఎడ్జ్ అని ప్రపంచమంతా పాకింది. మకాయ్ తర్వాతి బ్యాండు ఫుగాజీ టిక్కెట్టు ఐదు డాలర్లు దాటనివ్వకుండా, చిన్నపిల్లలకి కూడా ప్రవేశం ఉండేట్టు చూసుకుంటూ ఏళ్ళ తరబడి కచేరీలు చేసింది.

పంక్ అంటే తాగి తూలడం అనుకునేవాళ్ళకి ఈ సంగతి తెలీదు. మన జిల్లాలో పుట్టినవాడికి మాత్రం ఇది అర్థం కావడానికి క్షణం పట్టదు. కలిగిరి పక్కన దూబగుంట. అక్షరదీపం రాత్రి బడుల్లో ఆడవాళ్ళు చదువుకుంటున్నారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం, సారా తాగే మొగుడితో ఒక ఆడమనిషి పడ్డ బాధ. పాఠం చదివినవాళ్ళు అది తమ కథేనన్నారు. కూలి డబ్బులు ఇంటికి రాకముందే సారా కొట్టుకి పోతున్నాయి. 1992లో వర్ధినేని రోశమ్మ, ఆమెతోపాటు ఊళ్ళో ఆడవాళ్ళు కొట్టు మూయించారు. ఊరి నుంచి ఊరికి పాకింది. సారా బండ్లని పొలిమేరలో ఆపారు. జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, అది తర్వాత సడలించారనుకోండి.

వాషింగ్టన్ పిల్లలదీ దూబగుంట ఆడవాళ్ళదీ ఒకటే అనడం లేదు నేను. ఆ పిల్లలు తమ బతుకు తాము ఎంచుకున్నారు. ఇక్కడి ఆడవాళ్ళు పిల్లలకి అన్నం పెట్టుకోడానికి కొట్లాడారు, కాంట్రాక్టర్ల మనుషులకి ఎదురు నిలబడ్డారు. బరువు తూచితే దూబగుంటదే ఎక్కువ. కానీ మొదటి అడుగు ఒకటే రకంది. వాళ్ళలో ఎవరూ నాయకురాలినని బోర్డు పెట్టుకోలేదు. అక్షరాలు కొత్తగా వచ్చాయి, వచ్చిన నాలుగు అక్షరాలతో మొదలుపెట్టేశారు. ఆ రోజుల్లో మా ప్రెస్సుకి సారా వ్యతిరేక కరపత్రాలు వచ్చేవి. చేతిరాత కాగితంలో అక్షరదోషాలు ఉండేవి. కంపోజు చేసేప్పుడు దోషాలు దిద్దాను గానీ వాక్యం ఒక్కటి కూడా మార్చలేదు. మార్చడానికి నాకు మనసొప్పలేదు, అవసరమూ కనపడలేదు.

సాహిత్యం వినేవాళ్ళున్నారు కాబట్టి దిగంబర కవుల్ని చెప్పకుండా పోకూడదు. రామోన్స్‌కి తొమ్మిదేళ్ళ ముందే, 1965లో, ఆరుగురు తెలుగు కవులు తల్లిదండ్రులు పెట్టిన పేర్లు వదిలేసి నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అయ్యారు. మొదటి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. మహాస్వప్న మన లింగసముద్రం మనిషి. ఆ కవితల్లో ఆడవాళ్ళ గురించి వాడిన కొన్ని పోలికలు నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చవు. ఆ తెగువ నచ్చింది.

బొమ్మల కథలు కూడా నేను చదువుతాను. 'లవ్ అండ్ రాకెట్స్' అని కాలిఫోర్నియాలో హెర్నాండెజ్ అన్నదమ్ములు గీసింది. 1981లో మొదటి సంచిక సొంతంగా వేసుకున్నారు. అందులో మాగీ, హోపీ అని పంక్ అమ్మాయిలిద్దరు. ఏళ్ళు గడిచేకొద్దీ వాళ్ళకీ వయసు పెరుగుతుంది, లావెక్కుతారు, కళ్ళద్దాలొస్తాయి. సినిమా హీరోలకి వయసు రాదు కదా. మాగీ నాతోపాటే పెద్దదవుతోంది. ఇప్పుడు ఆమె మొహంలో ముడతలు చూస్తుంటే మా వీధి మనిషిని చూసినట్టే ఉంటుంది.

ఆ తమ్ముడు చెయ్యెత్తాడు. అడుగు.

(ఒక విద్యార్థి: మరి పంక్‌లో కొట్లాటలు, హెరాయిన్, నాజీ గుర్తులు ఇవన్నీ ఉన్నాయి కదా సార్?)

ఉన్నాయి. దాచిపెట్టను. సెక్స్ పిస్టల్స్‌లో సిడ్ విషియస్ ఇరవై ఒక్కేళ్ళకే, 1979 ఫిబ్రవరిలో, హెరాయిన్‌తో చచ్చిపోయాడు. అతని బొమ్మ గోడకి తగిలించుకునేవాళ్ళున్నారు, నేను తగిలించను. అందులో నాకు కనపడేది చేతికందకుండా పోయిన ఒక పిల్లాడు. మొదటి రోజుల్లో కొందరు పెద్దవాళ్ళని రెచ్చగొట్టడానికి స్వస్తిక పట్టీ కట్టుకుని తిరిగారు. యుద్ధంలో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ళ ముందు అట్టా తిరగడం నీచం. నేను చెప్పిన విక్టోరియా పార్కు సభ ఆ లోపలి చెత్త మీద కూడా జరిగిన పోరాటమే. మనకిష్టమైనదాంట్లో చెడ్డ ఉంటే మనమే ముందు చెప్పాలి, బయటివాళ్ళు చెప్పేదాకా ఆగకూడదు.

ఇంకొకటి, నువ్వు వేసుకున్న చొక్కా మీదుంది రామోన్స్ ముద్ర. ఆ గద్ద అమెరికా అధ్యక్షుడి ముద్రలోది. దాన్ని గీసింది వాళ్ళ స్నేహితుడు ఆర్టూరో వేగా. అసలు ముద్రలో గద్ద కాళ్ళల్లో బాణాలూ ఆలివ్ కొమ్మా ఉంటాయి. ఇందులో చూడు, ఒక కాలితో బేస్‌బాల్ బ్యాటు, ఇంకో కాలితో ఆపిల్ కొమ్మ. జానీకి బేస్‌బాల్ అంటే పిచ్చి. ఆ నలుగురూ ఇప్పుడు లేరు. 2001లో జోయీ, 2002లో డీడీ, 2004లో జానీ, 2014లో టామీ. చొక్కా ఎక్కడ కొన్నా సరే, వేసుకో. పాట కూడా వినాలి మరి.

అందుకే స్పీకరు తెచ్చాను. మూడు పాటలు వేస్తాను, మొత్తం ఆరేడు నిమిషాలు. ముందు మైనర్ థ్రెట్, ఆ 46 సెకన్లది. తర్వాత ఎక్స్-రే స్పెక్స్, పాలీ స్టైరీన్ గొంతు మొదట్లోనే అరుపుతో లేస్తుంది, ఉలిక్కిపడొద్దు. ఆఖర్న రామోన్స్. వింటున్నప్పుడు గిటారు చెయ్యి మీదే చెవి పెట్టండి. అమ్మాయ్, ఆ కిటికీలు మూసెయ్యి, పక్కన ట్యూషన్ జరుగుతోంది. వాల్యూం మాత్రం తగ్గించేది లేదు. వన్, టూ, త్రీ, ఫోర్.